వకీలు ఫీజుకు హద్దు ఉన్నదా?



మన తండాల్లో, గూడేల్లో కోర్టు అంటే తీర్పు కంటే ఖర్చుకే ఎక్కువ భయం. "ఇప్పుడు పైసలొద్దు, గెలిచినంక వచ్చిన దాంట్లో ఇంత నాది" అని వకీలు అంటే మనోళ్లు సాయమే అనుకుంటరు. చట్టం మాత్రం ఆ బేరాన్ని ఒప్పుకోదు. ఆ చరిత్ర తెలుసుకుందాం.

1793లో కారన్‌వాలిస్ కాలంలో బెంగాల్‌లో వకీళ్ల ఫీజును దావా విలువను బట్టి కంపెనీ ప్రభుత్వమే నిర్ణయించింది. 1926 చట్టం వచ్చేసరికి ఫీజు ఎంతో వకీలు, కక్షిదారు మాట్లాడుకోవచ్చన్నది. కానీ చదువు, పైసలు లేనోళ్లు ఏం బేరం ఆడగలరు?

అందుకే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు గీత గీసినయి. గెలుపోటములను బట్టి ఫీజు కుదుర్చుకోవద్దు, కేసులో వచ్చిన దాంట్లో వాటా అడగొద్దు.

ఈ గీతకు పరీక్ష మన తెలంగాణ నుంచే వచ్చింది. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒక మహిళకు పరిహారం వచ్చింది. ఫీజు కింద 10 లక్షలు ఇచ్చినా, ఇంకో 10 లక్షలకు బలవంతంగా చెక్కు రాయించుకున్నారని ఆమె చెప్పింది. ఆ చెక్కు చెల్లలేదని ఆమె మీదనే కేసు పడ్డది. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. పరిహారంలో శాతం లెక్కన ఫీజు అడగడం చట్టవిరుద్ధమని చెప్పింది.

భూమి సంగతి ఇంకా గట్టిది. కొత్తగూడ, గంగారం లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. ఫీజు కింద ఎకరం రాసిచ్చినా అంతే.

మరి వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే? 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తరు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టాలె, లేదా 15100కు ఫోన్ చేయాలె.

న్యాయంగా ఫీజు తీసుకుని మనకోసం కొట్లాడే వకీళ్లు ఉన్నరు, వాళ్లకు ఇవ్వాల్సింది ఇద్దాం. కానీ ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద వేలిముద్ర పడనియ్యొద్దు. ఇచ్చిన ప్రతి పైసకు రసీదు అడగాలె. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఈ మాట పెద్దోళ్లకు చెప్పండి.