గాలమునకు ముందు చెరువు

ఉగాది సంచికలో నేతను గూర్చియు, పండుగలను గూర్చియు వ్రాయుట మనకు ఆనవాయితీ. ఈ యేడు మేము చేపల గాలమును గూర్చి వ్రాయ బూనితిమి. రైల్వే ఆఫీసులో రిజిస్టర్లు వ్రాసికొను గుమాస్తాకు గాలముతో పనియేమి యని చదువరులు నవ్వవచ్చును. కాని సోలాపురము పద్మశాలి వాడలలో పుట్టి పెరిగిన మావంటి వారికి ఆదివారము నాడు చెరువుగట్టే రెండవ బడి. అంతేకాదు, ఈ విద్యకు మన ప్రాంతముననే తొమ్మిది వందల యేండ్ల చరిత్ర కలదు. ఆ సంగతి మనలో పెక్కురకు తెలియదు.

సోలాపురమునకు తూర్పున వంద కిలోమీటర్లకు కొంచెము పైన కల్యాణ పట్టణము కలదు. నేడు దానిని బసవకల్యాణ మందురు. అది పశ్చిమ చాళుక్యుల రాజధాని. మన పూర్వులు విడిచి వచ్చిన తెలంగాణపు నేల కూడ ఒకప్పుడు ఆ చాళుక్యుల యేలుబడిలోనిదే. ఓరుగల్లు కాకతీయులు తొలుత వారి సామంతులే. ఆ వంశమున ఆరవ విక్రమాదిత్యుని కుమారుడు మూడవ సోమేశ్వరుడు. ఆయన 12వ శతాబ్ది పూర్వభాగమున రాజ్యము చేసెను. యుద్ధములకంటె విద్యలయందు ఎక్కువ మక్కువ గలవాడై, 1130 ప్రాంతమున సంస్కృతమున 'మానసోల్లాసము' అను గొప్ప గ్రంథము రచించెను. అందు నూరు అధ్యాయములు. రాజనీతి, వైద్యము, వంటకములు, సంగీతము, ఏనుగులు, గుఱ్ఱములు, ఇట్లు అందు లేని విషయము లేదు. వినోదములను జెప్పు భాగమున 'మత్స్యవినోదము' అను ప్రకరణ మొకటి కలదు. అదియే చేపలను గాలమున బట్టు విద్య.

ఆ రాజు సుమారు 35 జాతుల చేపలను పేర్కొని, సముద్రపువి యెవ్వి, మంచినీటివి యెవ్వి యని వేరుచేసి చెప్పెను. ఏ చేపకు ఏ మేత యిష్టమో, గాలపు త్రాడు, కఱ్ఱ, ముల్లు ఎట్లుండవలెనో వివరించెను. ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. చేపలను జలాశయమున మేపి పెంచుటయు ఆ ప్రకరణమున భాగమే. పట్టువాడు మొదట పెట్టువాడు కావలెనని దాని సారమని మాకు తోచినది. ఇంగ్లీషువారు గాలమును గూర్చి అచ్చువేసిన తొలి గ్రంథము 1496 నాటిది; ఐజాక్ వాల్టన్ పేరుపొందిన పుస్తకము 1653 నాటిది. మన సోమేశ్వరుడు వారికి మూడున్నర శతాబ్దములకు పైగా ముందువాడు. జంతుశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా 1951లో ఈ ప్రకరణమును గూర్చి వ్రాసిన పిదప శాస్త్రజ్ఞుల దృష్టి దీనిపై మరల పడెను.

ఇక మరియొక విశేషము. సోమేశ్వరుడు వర్ధిల్లిన ఆ 12వ శతాబ్దిలోనే మన సోలాపురమున, అనగా నాటి సొన్నలిగెలో, శివయోగి సిద్ధరాముడు వెలసెను. ప్రజలను గూర్చుకొని ఆయన చెరువు త్రవ్వించెనని ప్రతీతి. నేడు మనము మ్రొక్కు సిద్ధేశ్వరుని గుడిచుట్టు ఉన్న చెరువు అదియే. ఒక పట్టణమున రాజు చేప పట్టు విధము వ్రాసెను. మరియొక పట్టణమున యోగి చేప బ్రదుకుటకు నీరు నిలిపెను. గుడి చెరువులో గాలము వేయరాదని మా యింటి కట్టుబాటు. చిన్నతనమున అది మాకు విసుగు పుట్టించెడిది. ఇప్పుడు దాని అర్థము తెలియుచున్నది.

మనవారి గాలములకు తావైనది ఊరికి ఉత్తరమున ఆదిలా వాగుపై బ్రిటిషు ప్రభుత్వము కట్టించిన ఎక్రుఖ్ చెరువు. హిప్పర్గా చెరువని అందరు పిలుచునది ఇదియే. ఇది 1871 నాటిది. అంతకు ముందే 1860లో రైలు ఈ యూరు చేరెను; 1877లో నూలు మిల్లు వెలసెను. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు సీమల నుండి మనవారు మగ్గమును నమ్ముకొని యిటు వచ్చిరి. వచ్చునప్పుడు పండుగలను, పాటలను తెచ్చినట్లే గాలపు విద్యను గూడ తెచ్చుకొనిరి. మా తాతగారు మగ్గము మీద మిగిలిన నూలుపోగులను ముప్పేటగా పురిపెట్టి, మైనము రాచి గాలపు త్రాడు చేయుట మేము కన్నులార చూచితిమి. ఎండిన జొన్నబెండు ముక్కయే ఆయనకు నీటిపై తేలు బెండు.

ఎర సంగతి కూడ ఆయన చెప్పిన పాఠమే. జెల్లకు వానపాము. రోహుకు, బొచ్చెకు తవుడు, వేరుసెనగ చెక్క కలిపిన ముద్ద. అది లేనినాడు సద్దిమూటలోని జొన్నరొట్టెయే నలిపి ముద్ద చేయవలెను. వాలుగకు చిన్న చేప. కొరమీనుకు మాత్రము కప్ప.

ఈ కొరమీనునే మన పెద్దలు కొఱ్ఱమట్ట యందురు. మరాఠీవారు మరళ్ అందురు. నేటి మన పిల్లలకు మరళ్ తెలియును గాని కొఱ్ఱమట్ట తెలియదు. అమెరికావారు 'బాస్' అను చేపను రబ్బరు కప్పతో, తళతళలాడు రేకులతో ఊరించి పట్టుదురు. ఆ బాస్ వేరు జాతి. కాని కలుపులో పొంచియుండి కప్పపై దుముకుటలో మన కొరమీను దానికి తీసిపోదు. పట్టు విధము కూడ ఇంచుమించు ఒకటే. కప్పను తామరాకుల కావలికి విసరి, ఆకులమీదుగా మెల్లగా లాగవలెను. ఆకుల నడుమ నీరు కనబడిన చోట ఒక క్షణము ఆపవలెను. చేప అందుకొన్న వెంటనే గుంజరాదు. నోట బాగుగా పట్టువరకు తాళవలెను. కొరమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చును గనుక, బుడగలు లేచిన తావును కనిపెట్టుటయే సగము విద్య.

ఇక మా తప్పు నొకటి చెప్పవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట వానకాలపు తొలిదినములలో మేము క్రొత్తగా కొన్న ప్లాస్టిక్ కప్పతో చెరువునకు పోతిమి. ఒకచోట నీటిపై ఎఱ్ఱని పిల్లలు గుంపుగా కదలుచుండెను. కప్పను వాటి ప్రక్కన వేయగానే పెద్ద కొరమీను విసరి కొట్టెను. పట్టితిమి, పొంగిపోతిమి. గట్టుమీద కూర్చున్న మా వాడ నేతగాడు, మాకు వరుసకు పెదతాత, ఆ చేపను చూచి మోము చిట్లించి, "గుంపు మీద ఏస్తివా బిడ్డా? అది ఆకలికి పట్టలే, పిల్లల కోసం కొట్టింది. దాన్ని గుంజుకపోతె వాటినెవరు గాస్తరు?" అనెను.

మరునాటి సాయంకాలము ఆఫీసు వదలగానే పోయి చూచితిమి. ఎఱ్ఱని గుంపు లేదు. తలిదండ్రుల కాపు తప్పిన పిల్లలను కొంగలు, ఇతర చేపలు విడుచునా? పట్టినది ఒక చేప; పోయినది ఎన్ని వందలో!

ఆ పెద్దాయన చెప్పినది క్రొత్త మాట కాదు. అశోక చక్రవర్తి పట్టాభిషేకమైన ఇరువదియారేండ్లకు చెక్కించిన ఐదవ స్తంభశాసనమున, కొన్ని పున్నములకు ఆ చుట్టుదినములలో చేపలను చంపరాదు, అమ్మరాదు అని కలదు. ఆ శాసనము చదువని నేతగాడు దానిలోని న్యాయమును చెరువుగట్టున నేర్చుకొనెను.

నేడు చెరువులలో సంగతి మారినది. 1952లో మనదేశమునకు తెచ్చిన తిలాపియా ఎన్నో చెరువుల నాక్రమించినది. ఏ ముద్ద వేసినను అదే తగులుచున్నది. మన పూర్వుల నేలయైన తెలంగాణము 2016లో కొరమీనునే రాష్ట్రపు చేపగా ఎంచుకొన్నది. మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేప తినవలెనను ఆచారమును మన యిండ్లలో ఇంకను పాటించువారు కలరు. తినుడు, వలదని మేమనము. కాని ఆ వెనువెంటనే వచ్చు వానలే దానికి పిల్లలు పుట్టు కాలము.

ఆనాటి నుండి మేము ఎఱ్ఱని గుంపు కనబడిన చోట గాలము వేయుట మానితిమి. ఈ యేడు మా పిల్లవానిని హిప్పర్గాకు తీసికొని పోదుము. వానికి మొదట గుంపును చూపి, కొఱ్ఱమట్ట యను పేరు చెప్పి, ఆ పిదపనే గాలము చేతికిత్తుము. పండుగ సెలవులలో మీరును మీ పిల్లలతో రండు. గట్టుమీద చోటు చాలినంత కలదు.