ఆ బొమ్మల మాటేమిటి?

ఏడు చేపల కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు అరుదు. రాజుగారి ఏడుగురు కొడుకులు, వాళ్ళు వేటాడి తెచ్చిన ఏడు చేపలు, అందులో ఎండని ఒక్క చేప. అక్కణ్ణించి గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, ఆఖరికి చీమ. నేనూ ఈ కథ ఎన్నిసార్లు చెప్పేనో లెక్కలేదు. చీమ దగ్గరికి రాగానే పిల్లల పొట్ట మీద గిల్లడం, వాళ్ళు కిలకిల నవ్వడం, కథ కంచికి వెళ్ళడం ఆనవాయితీ.

ఆ మధ్య మా చెల్లెలి కూతురు, అయిదేళ్ళది, గిల్లినా నవ్వలేదు.

"పెద్దమ్మా, మరి ఆ చేప ఎండిందా?" అంది.

నేను తెల్లబోయేను. ఇన్నేళ్ళుగా చెప్తున్నాను, ఇన్నేళ్ళుగా విన్నాను. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. "ఏమోనమ్మా, కథలో చెప్పలేదు" అన్నాను. "అయితే దాన్నొక్కదాన్నీ అక్కడే వదిలేసి అందరూ వెళ్ళిపోయేరా?" అంది. దాని గొంతులో బాధ కన్నా కోపం ఎక్కువగా వినిపించింది. కోపం నామీద, రాజుగారి కొడుకుల మీద, మొత్తం పెద్దవాళ్ళందరి మీదాను.

ఆ రాత్రి నాకు ఒక పాత ముచ్చట గుర్తొచ్చింది. సరిగ్గా ఇలాంటి ప్రశ్నే అడిగి, అమెరికాలో పిల్లలు ఒక బొమ్మల సినిమా ముగింపునే మార్పించేశారు. 1964 నాటి సంగతి అది. ఆ సినిమా పేరు రుడాల్ఫ్, ఎర్రముక్కు రెయిన్‌డీర్.

రెయిన్‌డీర్ అంటే మంచుదేశాల్లో ఉండే కొమ్ముల జింక. క్రిస్మస్ తాత బండిని ఈ జింకలే ఆకాశంలో లాగుతాయని అక్కడి పిల్లల నమ్మకం. వాటిలో రుడాల్ఫ్ అనే బుజ్జిదానికి ముక్కు దీపంలా ఎర్రగా వెలుగుతుంది. అందుకని తక్కిన జింకలు దాన్ని ఆటల్లో చేర్చుకోవు. ఒక క్రిస్మస్ రాత్రి దట్టంగా పొగమంచు పట్టి బండికి దారి కనపడకపోతే, ఆ ముక్కే దీపమై దారి చూపిస్తుంది. అప్పట్నించీ అది అందరికీ ముద్దే.

ఈ కథ ఎక్కడిదో పురాణకాలం నాటిది అనుకునేరు. కాదు. 1939లో షికాగోలో మాంట్‌గొమరీ వార్డ్ అనే పెద్ద దుకాణం వాళ్ళు, పండక్కి వచ్చే పిల్లలకి ఉచితంగా పంచడానికి ఒక చిన్న పుస్తకం కావాలనుకున్నారు. ఆ పని రాబర్ట్ మే అనే ఉద్యోగికి అప్పగించారు. దుకాణం సరుకుల జాబితాలో చొక్కాల గురించీ వాటి గురించీ రెండేసి వాక్యాలు రాయడం అతని రోజువారీ పని. అప్పటికి అతని భార్య ఎవిలిన్ కేన్సర్‌తో మంచం పట్టి ఉంది. నెత్తిమీద అప్పులు, ఇంట్లో బార్బరా అనే నాలుగేళ్ళ పాప. చిన్నప్పుడు తనూ బక్కగా, బిడియంగా, తోటిపిల్లల్లో కలవలేని మనిషేనట. అందుకే వెలివేసిన జింక కథ తట్టి ఉంటుంది.

ముక్కు ఎర్రగా ఉంటే తాగుబోతు అనుకుంటారేమోనని పైఅధికారికి సందేహం వచ్చింది. మే ఊరుకోలేదు. డెన్వర్ గిలెన్ అనే చిత్రకారుణ్ణి వెంటపెట్టుకుని జంతు ప్రదర్శనశాలకి వెళ్ళి, ఎర్రముక్కుతో అందమైన జింకపిల్ల బొమ్మ గీయించి తెచ్చి ఒప్పించేడు. కథ సగంలో ఉండగా, ఆ జులైలో ఎవిలిన్ చనిపోయింది. పని ఇంకెవరికైనా అప్పగిస్తామని పైఅధికారి అన్నా మే వద్దన్నాడు. ఆగస్టులో పూర్తిచేసి మొదట కూతురికీ, అత్తమామలకీ చదివి వినిపించేడు. ఆ పండక్కి దుకాణం సుమారు 24 లక్షల పుస్తకాలు పంచింది. తరువాత 1947లో ఆ కథ మీద హక్కులు కంపెనీ అతనికే ఇచ్చేసింది. మే బావమరిది జానీ మార్క్స్ దాన్ని పాటగా కట్టేడు. జీన్ ఆట్రీ అనే గాయకుడు ఆ పాట పాడటానికి మొదట ఇష్టపడలేదనీ, ఆటల్లో చేర్చుకోని జింక సంగతి విని మనసు కరిగిన ఆయన భార్య ఈనా పట్టుబట్టి పాడించిందనీ చెప్తారు. 1949లో అది దేశమంతా మారుమోగిపోయింది.

ఇక సినిమా సంగతి. ఆర్థర్ రాంకిన్, జూల్స్ బాస్ అనే ఇద్దరు దీన్ని టెలివిజన్ కోసం తీశారు. అంతా అమెరికాలో జరిగిందనుకోకండి. గొంతులు కెనడాలోని టొరంటోలో రికార్డు చేశారు. బొమ్మలు జపాన్‌లో, తదాహితో మొచినాగా అనే ఆయన దగ్గర కదిలేయి. గీసిన బొమ్మలు కావవి. చెక్కా, తీగా, గుడ్డా కలిపి చేసిన అసలు బొమ్మలు. ఒక బొమ్మ చెయ్యి రవ్వంత కదిపి ఒక ఫోటో, మరి రవ్వంత కదిపి మరో ఫోటో. సెకనుకి ఇరవైనాలుగు ఫ్రేములు పరిగెత్తే సినిమాకి అలా ఎంత ఓపిక పట్టాలో, ముత్యాల ముగ్గు వేసే మన ఆడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

రుడాల్ఫ్‌కి గొంతు ఇచ్చింది బిలీ మే రిచర్డ్స్ అనే ఆవిడ. తెరమీద మాత్రం ఆవిడ పేరు మగపేరులా బిల్లీ రిచర్డ్స్ అని పడింది. సంవత్సరం వేసే రోమన్ అంకెల్లోనూ ఒక అక్షరం ఎగిరిపోయి, 1964 కాస్తా 1164 అయి కూచుంది! వెలివేతల గురించి తీసిన సినిమాలో ఒక అక్షరమూ, ఒక ఆడదాని పేరూ వెలి అయిపోయేయన్నమాట.

సినిమాకి కథని పెంచేరు. రుడాల్ఫ్‌తో పాటు హెర్మీ అనే బుల్లి పనివాడు వచ్చి చేరేడు. క్రిస్మస్ తాత కార్ఖానాలో అందరూ బొమ్మలు చేస్తుంటే, ఇతగాడు పళ్ళ డాక్టరు నవుతానంటాడు. ఇద్దరూ ఇల్లొదిలి పోతారు. దారిలో ఒక దీవి తగులుతుంది. అది ఎవరికీ అక్కర్లేని ఆటబొమ్మల దీవి. చదరపు చక్రాల రైలు, ఒళ్ళంతా చుక్కలున్న ఏనుగు, నీళ్ళలో మునిగిపోయే పడవ, ఎగరకుండా ఈదే పిట్ట, గుర్రానికి బదులు నిప్పుకోడి ఎక్కిన కౌబాయి. మూత తియ్యగానే ఎగిరిపడే పెట్టెబొమ్మకి జాక్ అని పేరుండాలిట. పాపం దీని పేరు ఛార్లీ, అంతే దాని నేరం. వాటన్నిటి మధ్యా గౌను వేసుకున్న ఒక ఆడబొమ్మ ఉంటుంది. దానికి కంటికి కనిపించే లోపం ఒక్కటీ లేదు. దాని లోపం మనసులోనిదని, ఎవరికీ అక్కర్లేదన్న దిగులేనని తరువాతెప్పుడో రాంకిన్ చెప్పేడంటారు.

ఆ దీవిని ఏలేది రెక్కల సింహం. ఊరికి తిరిగెళ్ళేక క్రిస్మస్ తాతతో మా బొమ్మల సంగతి చెప్పి వీటికి ఇళ్ళు చూడమని అడగండి, అని ఆ సింహం కోరుతుంది. వీళ్ళు సరేనంటారు.

1964 డిసెంబరు 6, ఆదివారం సాయంత్రం అమెరికా అంతటా పిల్లలు టెలివిజన్ ముందు కూచున్నారు. సినిమా సుఖంగా ముగిసింది. రుడాల్ఫ్ బండికి ముందు నిలబడ్డాడు. హెర్మీ పళ్ళ డాక్టరయ్యాడు. అందర్నీ భయపెట్టిన మంచురాక్షసికి కూడా పళ్ళు పీకించి, ఎత్తు మనిషి కదా అని, క్రిస్మస్ చెట్టు చివర నక్షత్రం పెట్టే పని అప్పగించేరు. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టి ఉంటారు. పిల్లలు కొట్టలేదు.

ఆ బొమ్మల మాటేమిటి? మాట ఇచ్చేరుగా? బండి ఎగిరిపోయింది, పండగ వెళ్ళిపోయింది, ఛార్లీ, చుక్కల ఏనుగు, గౌను బొమ్మ ఆ మంచులో అలాగే ఉన్నాయా? తీసినవాళ్ళకి ఈ సంగతి తట్టనేలేదు. కథానాయకుడు గట్టెక్కేడు, అంతటితో కథ అయిపోయిందనుకున్నారు. అలా ఎలా వదిలేస్తారంటూ ఉత్తరాలు వచ్చి పడ్డాయి.

ఆ ఉత్తరాలకి తలొగ్గి, 1965లో కొత్త దృశ్యం తీసి అతికించేరు. దీవిలో చలిమంట దగ్గర బొమ్మలు దిగులుగా కూచుని ఉంటాయి. ఈ ఏడూ ఎవరూ రారు అని ఆశ వదులుకుంటూ ఉండగా గంటల చప్పుడు వినిపిస్తుంది. రుడాల్ఫ్ ముందు, వెనకాల క్రిస్మస్ తాత బండి. బొమ్మలన్నీ ఎక్కుతాయి. చివర పేర్లు పడేటప్పుడు వాటికి గొడుగులిచ్చి ఒక్కొక్కదాన్నీ ఇళ్ళ మీదికి దింపుతారు. అప్పట్నించీ ఏటా వచ్చే ఆ సినిమాకి అదే ముగింపు.

నాకు ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యం వేసేది ఏమిటంటే, ఆ పిల్లలు పట్టుకున్న తప్పు పెద్దవాళ్ళ కథలో నిజంగానే ఉంది. ఆలోచించి చూడండి. ఎర్రముక్కు దారి చూపింది కాబట్టి రుడాల్ఫ్ మనవాడయ్యాడు. పన్ను పీకడం వచ్చింది కాబట్టి హెర్మీ మనవాడయ్యాడు. చెయ్యి చెట్టు చివరికి అందింది కాబట్టి రాక్షసీ మనవాడే. పొగమంచు పట్టకపోతే? క్రిస్మస్ తాత కూడా మొదట ఆ ముక్కు చూసి మొహం చిట్లించినవాడే. ఈ మాట తరువాతి తరాల ప్రేక్షకులు గట్టిగానే అడిగేరు. తప్పిపోయిన కొడుకుని వెతకడానికి తల్లి బయల్దేరబోతే, ఇది మగవాళ్ళ పని అని తండ్రి జింక ఆపడం చూసి ముక్కుమీద వేలేసుకున్న ఆడవాళ్ళూ ఉన్నారు. ఆ తల్లి భర్త మాట విని కూచోలేదు లెండి, అతను అటు వెళ్ళగానే తనూ బయల్దేరింది.

కానీ చదరపు చక్రాల రైలు ఎవరికి దారి చూపుతుంది? మునిగే పడవ ఎవర్ని ఒడ్డు చేరుస్తుంది? వాటివల్ల ఏ ఉపయోగమూ లేదు. అయినా వాటికో ఇల్లు కావాలన్నారు పిల్లలు. పనికొస్తేనే చేర్చుకుంటాం అని పెద్దవాళ్ళ కథ అంటే, పనికిరాకపోయినా చేర్చుకోవాల్సిందే అని పిల్లల ఉత్తరాలు అన్నాయి. గెలుపు ఉత్తరాలదే అయింది.

మా ఇంట్లో ఒక మేనత్త ఉండేది. నత్తి. పెళ్ళి కాలేదు. ఎవరింట్లో శుభకార్యం తలపెట్టినా ముందు ఆవిడకే కబురు. అరిసెల పాకం ఆవిడ చేతిలో కుదిరినట్టు ఇంకెవరికీ కుదిరేది కాదు. ఆ నాలుగు రోజులూ అత్తయ్యా అత్తయ్యా అని ఒకటే పిలుపులు. అరిసెలు డబ్బాల్లోకి ఎక్కేయంటే ఆవిడ మళ్ళీ పెరటి వసారాలోకే. ఈమధ్య పాత పెళ్ళి ఫోటోలు తిరగేస్తే ఆవిడ ఒక్కదాంట్లోనూ లేదు. ఫోటో తీసే వేళకి వంటింట్లో ఉండి ఉంటుంది. మరి అత్తయ్యేదీ అని ఆ రోజు ఎవరూ అడగలేదు. నేనప్పుడు పిల్లనే. నేనూ అడగలేదు. అందుకే పిల్లలందరికీ పుట్టుకతోనే ఈ దయ ఉంటుందని నేను చెప్పలేను. 1964లో కూచుని ఉత్తరం రాసిన ఆ పిల్లల మీద మాత్రం నాకు గౌరవం.

ఆ ఉత్తరాలు రాసిన పిల్లలు ఇప్పుడు డెబ్భైకి అటూ ఇటూ ఉంటారు. మనవల్ని ఒళ్ళో పెట్టుకుని అదే సినిమా చూస్తూ ఉంటారు. 2014లో, సినిమాకి యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో, అమెరికా తపాలాశాఖ రుడాల్ఫ్ బొమ్మతో స్టాంపులు వేసింది. చిత్రీకరణకి వాడిన రుడాల్ఫ్, క్రిస్మస్ తాత బొమ్మలు, నిర్మాతల ఆఫీసులో పనిచేసిన ఒకావిడ ఇంట్లో క్రిస్మస్ చెట్టు కింద పిల్లల చేతుల్లో నలిగి, 2020లో వేలానికి వచ్చి 3,68,000 డాలర్లు పలికేయి. ఇప్పుడు అట్లాంటాలోని తోలుబొమ్మలూ కీలుబొమ్మల మ్యూజియానికి చేరేయి.

ప్రేక్షకుల పేచీ మాత్రం ఇంకా తీరలేదు. చివర బొమ్మల్ని గొడుగులతో దింపుతారన్నాను కదూ? పిట్ట దగ్గరికి వచ్చేసరికి, పిట్టే కదా ఎగురుతుందిలే అని గొడుగు ఇవ్వకుండా వదిలేస్తారు. అది ఎగరలేని పిట్ట! ఈదడం ఒక్కటే వచ్చు దానికి. అన్నీ సరిదిద్దేం అనుకున్నచోట కూడా ఒకటి మిగిలిపోయింది చూశారా.

ఈ కథంతా మర్నాడు మా చెల్లెలి కూతురికి చెప్పేను. శ్రద్ధగా విని, "పిట్ట కింద చెరువు ఉండి ఉంటుందిలే పెద్దమ్మా" అని నన్నే ఓదార్చింది. కాసేపు ఆలోచించి, "మన చేప కూడా అంతే. ఎండలేదంటే బతికే ఉందన్నమాట. ఏడో కొడుకు తీసికెళ్ళి మళ్ళీ నీళ్ళలో వదిలేసి ఉంటాడు" అంది.

అప్పట్నించీ మా ఇంట్లో ఏడు చేపల కథ చీమతో ఆగడం లేదు. చెరువు దాకా వెళ్తోంది.