స్థలాకృతి పటం చారిత్రక ఆధారంగా: రంగూన్ రేవు నగరం

తిరుపతి ప్రాంతానికి సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటం 57 ఓ/6. అందులో తిరుమల కొండల వద్ద కాంటూరు రేఖలు దగ్గర దగ్గరగా ఉంటాయి. దక్షిణాన స్వర్ణముఖి వైపు అవి దూరమవుతాయి. కొండకూ నదికీ నడుమ చదును నేలలో పట్టణం ఎందుకు పెరిగిందో ఈ రేఖలను బట్టి గ్రహించవచ్చు.

ఇదే పద్ధతిలో నదీ రేవు నగర చరిత్రనూ చదవవచ్చు. మన ప్రాంతంలో అటువంటి రేవు లేదు కనుక, తెలుగు కూలీల శ్రమతో పెరిగిన రంగూన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. అందువల్ల దాని పటాలను కూడా సర్వే ఆఫ్ ఇండియాయే తయారుచేసింది.

పటంలో మొదట నదిని గమనించండి. రంగూన్ నది నగరానికి దక్షిణాన, పశ్చిమాన ప్రవహిస్తుంది. తూర్పున పజుందాంగ్ పాయ ఉంది. సముద్రానికి సుమారు 30 కి.మీ. ఎగువన ఉన్నా ఓడలు ఇక్కడికి రాగలిగేవి. తరువాత వీధులను చూడండి. ఒడ్డు వెంబడి అవి గళ్లు గీసినట్లు తిన్నగా ఉంటాయి. బ్రిటిష్ వారు 1852లో నగరాన్ని ఆక్రమించిన తరువాత సూలే పగోడా కేంద్రంగా వేసిన ప్రణాళిక ఇది. ఉత్తరాన ష్వేడగాన్ పగోడా గుట్ట అంతకంటే ఎంతో పాతది. 1877లో ప్రోమ్‌కు రైలుమార్గం ఏర్పడింది. రైలుమార్గం, బియ్యపు మిల్లులు, రేవు కట్టలు కలిసి బియ్యం ఎగుమతికి తోడ్పడ్డాయి.

అయితే ఆ బియ్యపు బస్తాలు మోసినవారెవరో పటం చెప్పదు. వారిలో అధికులు విశాఖపట్నం, గోదావరి, గంజాం జిల్లాల తెలుగువారు. మన కోస్తా ప్రజలు రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివారు వీరిని ‘కోరంగీలు’ అన్నారు. 1931 జనగణన నాటికి నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందటి ఏడాది, 1930 మేలో, తెలుగు రేవు కూలీలు వేతనాల కోసం సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలను పనిలో పెట్టుకుని, సమ్మె ముగియగానే వారిని తొలగించారు. దాంతో చెలరేగిన అల్లర్లలో అనేకమంది తెలుగువారు ప్రాణాలు కోల్పోయారు.

పటంలో ఆ వీధులున్నాయి, ఆ మరణాలు లేవు. కనుక పటాన్ని జనగణనతో, కార్మిక నివేదికలతో కలిపి చదివినప్పుడే అది సంపూర్ణ ఆధారమవుతుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: మీ ఊరి స్థలాకృతి పటం చూపేవి రెండు, చూపనివి రెండు రాయండి.