విస్కీ గ్లాసులో చరిత్ర

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి అని మన పెద్దలు సెలవిచ్చినారు. ఈ సామెత భోజనమునకు ఎంత చెల్లునో పానీయమునకును అంతే చెల్లును. హైదరాబాదు నగరమునకు పడమట మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతములలో వెలసిన హైటెక్ సిటీలో, చీకటి పడిన పిమ్మట ఏ బారులో చూచినను దీనికి ఉదాహరణములు దొరకును. ఒకరు విస్కీలో ఏమియు కలుపరాదందురు. ఒకరు నాలుగు చుక్కల నీరు చాలునందురు. ఒకరికి సోడా లేనిదే గొంతు దిగదు. మరియొకరికి గ్లాసులో మంచుముక్కల చప్పుడు వినబడనిదే తృప్తి కలుగదు. కొందరు పొగవాసన గలదానిని కోరుదురు; కొందరు తేనెవలె మెత్తగా దిగుదానిని మెచ్చుకొందురు. ఎవరిని అడిగినను చెప్పునది ఒక్కటే: “ఇది నా ఇష్టము.”

ఆ మాట నిజమే. కాని ఇష్టము ఆకాశమునుండి ఊడిపడునది కాదు. అది ఏ దారిన వచ్చి మన నాలుకమీద కూర్చున్నదో తెలిసికొనుట చరిత్రలో ఒక భాగము. త్రాగుడని ప్రోత్సహించుటకు గాని, త్రాగువారిని దూషించుటకు గాని ఈ ప్రసంగము ఉద్దేశింపబడలేదు. ఆ దారివెంట కొంతదూరము నడచి చూచుటయే మన పని.

విస్కీ అను పదమునకు మూలము గేలిక్ భాషలో ‘జీవజలము’ అను అర్థము గల మాట. 1494వ సంవత్సరపు స్కాట్లండు రాజకోశపు లెక్కలలో, జాన్ కోర్ అను సన్యాసికి జీవజలము తయారుచేయుటకై ఎనిమిది బోలుల మాల్టు ఇచ్చినట్లు ఒక పద్దు కలదు. మాల్టు అనగా మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. స్కాట్లండు విస్కీకి తొలి లిఖిత నిదర్శనముగా ఈ పద్దునే పేర్కొందురు. ఆ నిదర్శనము కావ్యములో గాక లెక్కల పుస్తకములో దొరకుట గమనింపదగినది. ఈ పానీయము వెంట సర్కారువారి లెక్కలు మొదటినుండియు నడచుచునే ఉన్నవి. సారమును ఆపకుండ తీయగల యంత్రమునకు 1830లో పేటెంటు పొందిన ఈనియస్ కాఫీ కూడ అంతకు పూర్వము ఎక్సైజు శాఖలో ఉద్యోగియే!

మన దక్కనులో విస్కీ రాకపూర్వము రుచి తెలిసినవారు లేరనుకొనుట పొరపాటు. పదునేడవ శతాబ్దములో గోల్కొండ రాజ్యమునకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ప్రతిదినము అయిదారువందల గుర్రములమీద కల్లు నగరములోనికి వచ్చుచుండెననియు, దానిపై పన్ను సుల్తానుకు గొప్ప ఆదాయమనియు వ్రాసియున్నాడు. కల్లు త్రాగువారికి తాటికల్లు వేరు, ఈతకల్లు వేరు. తాటిలోనే పోతుతాడు, పండుతాడు, పరుపుతాడు అని భేదములు కలవు. తెల్లవారుజామున దించినదాని తీపి మధ్యాహ్నమునకు పులుపగును. ఏ చెట్టు కల్లు ఏ ఋతువులో ఎట్లుండునో మోకు, ముత్తాదు ధరించి చెట్టెక్కు గీత కార్మికుడు నోట పోసికొనకుండనే చెప్పగలడు. నేడు విస్కీ ప్రియులు పీపా గుణమును, వయస్సును, వాసనను విడమరచి చెప్పునట్లే, ఆ విద్య మన పల్లెలలో తరతరములుగా ఉన్నది. దానికి ఆంగ్లమున పేరు లేకపోవుటచేత, అది విద్య యని ఎవరును అనలేదు.

విస్కీ మన ప్రాంతమునకు సైన్యముతో వచ్చినది. 1798 నాటి సంధి ననుసరించి ఈస్టిండియా కంపెనీ సేనలు నిజాము రాజ్యమున నిలిచినవి. హుస్సేనుసాగరమునకు ఉత్తరముననున్న దండు ప్రాంతమునకు 1806లో సికందర్ జా పేరిట సికిందరాబాదు అను నామకరణము జరిగినది. 1878లో అచ్చట సికిందరాబాదు క్లబ్బు ఏర్పడినది. 1896 నవంబరులో ఈ దండునకు పోలో ఆడుటకు వచ్చి, గోల్కొండ కప్పు గెలుచుకొన్న జట్టులో విన్‌స్టన్ చర్చిల్ అను యువ సైనికాధికారి ఉండెను. విస్కీ తనకు మొదట ఎంతమాత్రము రుచింపలేదనియు, 1897లో వాయవ్య సరిహద్దు యుద్ధమున గోరువెచ్చని నీరు తప్ప మరేమియు దొరకనప్పుడు, ఆ నీటిని సహించుటకై విస్కీ కలుపుకొని అలవాటు పడితిననియు ఆయన తన ఆత్మకథలో తెలిపెను. జగత్ప్రసిద్ధమైన ఒక ఇష్టము పుట్టినది రుచివలన కాదు, మంచినీటి కొరతవలన!

సోడా కథయు ఇట్టిదే. నీటిలోనికి బొగ్గుపులుసు వాయువును ఎక్కించు విధానమును 1767లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ కనుగొనెను. 1872లో హైరమ్ కాడ్ అనునతడు గాజుగోలీతో మూతపడు సీసాకు పేటెంటు పొందెను. మన వీధులలో నిమ్మరసముతో కలిపి ఇచ్చు గోలీసోడా దాని సంతానమే. ఉష్ణదేశమున ఏ బావినీటిలో ఏ రోగమున్నదో తెలియని కాలమున, మూతవేసిన సోడా దొరలకు నమ్మదగిన నీరుగా తోచినది. మంచుగడ్డ అంతకు పూర్వమే వచ్చినది. 1833లో అమెరికాలోని బోస్టను రేవునుండి ఓడలో మంచు కలకత్తాకు చేరినది. మద్రాసు సముద్రతీరమున ఆ మంచును దాచుటకు కట్టిన భవనమే ఐస్‌హౌస్. నేడది వివేకానందుని పేర వెలయుచున్నది. సోడాయు మంచుగడ్డయు ఎండను, రోగభయమును తప్పించుకొను ఉపాయములుగా ప్రవేశించి, క్రమముగా దర్జాకు చిహ్నములై, చివరకు మన వ్యక్తిగత అభిరుచులుగా స్థిరపడినవి.

గ్లాసులోని ద్రవమునకును ఒక మలుపు కలదు. హిమాలయ ప్రాంతమున కసౌలీలో ఎడ్వర్డ్ డయ్యరు అను ఆంగ్లేయుడు 1850ల దశకమున సారాయి పరిశ్రమను నెలకొల్పెను. కాని కాలక్రమమున మన దేశమున విరివిగా అమ్ముడుపోవు విస్కీలలో పెక్కింటికి బార్లీ గాక, చక్కెర మిల్లులలో మిగులు మడ్డియే ఆధారమైనది. యూరోపియన్ యూనియను నియమముల ప్రకారము విస్కీ ధాన్యమునుండియే తీయవలెను. కొయ్య పీపాలలో కనీసము మూడేండ్లు నిలువ ఉండవలెను. కనుక మన అంగళ్ళలో విస్కీ యనబడునది అచ్చట ఆ పేరుతో చెల్లదు. 1948లో బెంగుళూరున స్థాపితమైన అమృత్ సంస్థ 2004లో తన బార్లీ విస్కీని స్కాట్లండులోని గ్లాస్గో నగరమునందే విడుదల చేసి ఆశ్చర్యము కలిగించెను. స్కాట్లండు చలిలో పీపానుండి ఏటికి నూటికి రెండుపాళ్ళు ఆవిరియైపోగా, దక్కను వేడిమిలో పదిపాళ్ళకు మించి పోవును. అందువలన ఇచ్చటి విస్కీ తక్కువ ఏండ్లకే పక్వమగును. ఎన్ని ఏండ్లదైన అంత మేలు అను నమ్మకము చలిదేశపు నమ్మకము. అది మన వాతావరణమునకు అట్లే వర్తింపదు.

నీరు కలుపవలెనా వద్దా అను చిరకాల వివాదమునకు 2017లో స్వీడనులోని ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు కొంత సమాధానము చెప్పిరి. పొగవాసన నిచ్చు ఒక పదార్థము, సారము గాఢముగా ఉన్నప్పుడు లోపలనే ఉండిపోవుననియు, నీరు చేరినకొలది ఉపరితలమునకు చేరి ముక్కునకు సులభముగా అందుననియు వారు గణన చేసి చూపిరి. కాని ఏమియు కలుపనివారి ఇష్టమును ఏ గణనయు మార్పజాలదు.

ఇంతవరకు త్రాగువారి ఇష్టమును గురించి చెప్పుకొంటిమి. త్రాగనివారి ఇష్టమునకును మన దేశమున చరిత్ర కలదు. 1937లో మద్రాసు రాష్ట్రమున రాజాజీ మంత్రివర్గము సేలము జిల్లాతో మద్యనిషేధమును ప్రారంభించెను. 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్రమున ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము నిషేధ విధానముపై వచ్చిన అవిశ్వాస తీర్మానమున ఒక్క వోటు తేడాతో పడిపోయినది. కాని అసలు కథ శాసనసభలో గాక ఒక పల్లెలో జరిగినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా తరగతులలో ‘సీతమ్మ కథ’ అను పాఠము చదువుకొన్న స్త్రీలు తమ యూరి సారా దుకాణమును మూయించిరి. రోసమ్మ పేరు రాష్ట్రమంతట మారుమ్రోగినది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడినది. అప్పుడు విస్కీ మాత్రము అంగళ్ళలో నిలిచియే ఉన్నది. 1995 జనవరి 16న ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ నిషేధమును అమలుపరచినది. 1997 ఏప్రిలులో ఆ నిషేధము సడలినది. తరువాత ఇరువది నెలలు నిండకమునుపే, 1998 నవంబరు 22న, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనమును ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించిరి.

ఈ రెండు తేదీలు ఒకదానికొకటి కారణములు కావు. అయినను అవి ఇంత దగ్గరగా ఉండుట ఆలోచింపదగిన విషయము. హైటెక్ సిటీలో ఉద్యోగమునకు చేరిన తొలితరము యువకులు నిషేధము సడలిన రాష్ట్రమున తమ జీతములతో తమ ఇష్టములను ఏర్పరచుకొనిరి. విదేశములకు పోయివచ్చినవారు అచ్చటి అలవాట్లను తెచ్చిరి. క్వార్టరు, హాఫు, ఫుల్లు అను లెక్క ఉన్నచోట పీపా పేర్లు, దీవుల పేర్లు వినవచ్చినవి. ఇదే కాలమున, 2004లో, జంటనగరములలో కల్లు దుకాణములు మూతపడినవి. మత్తుమందుల కల్తీ దానికి చెప్పబడిన కారణము. తెలంగాణ ఏర్పడిన పిమ్మట 2014లో వాటిని మరల తెరచుటకు నిర్ణయము జరిగినది. కాని కల్తీ పోలేదు. 2025 జూలైలో, హైటెక్ సిటీకి పొరుగుననే ఉన్న కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. ఒకే నగరమున, కొద్దిపాటి దూరములో, ఒక గ్లాసునకు పన్నెండేండ్ల వయస్సును ధ్రువపరచు ముద్ర ఉన్నది. మరియొక గ్లాసులో ఏమున్నదో చెప్పు దిక్కు లేదు. రుచిని ఎన్నుకొను స్వేచ్ఛ అందరికి సమముగా లేదనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యమేల?

కారు నడుపువాని రక్తమున 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు మించి మద్యముండరాదని మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. ఎంత త్రాగినను ఆరోగ్యమునకు నిరపాయమైన పరిమాణము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. ఈ రెండును ఇష్టమునకు గీయబడిన ఎల్లలు. ఆ ఎల్లల లోపల నీరు కలుపుకొనువారు కలుపుకొందురు, మానువారు మానుదురు. కాని “ఇది నా ఇష్టము” అనుమాట పలుకునప్పుడు దాని వెనుక దండునుండి వచ్చిన సోడాను, ఓడలో వచ్చిన మంచును, మిల్లులో మిగిలిన మడ్డిని, సర్కారువారి పద్దులను ఒకసారి తలచుకొనుట మంచిది. దూబగుంట స్త్రీలకును ఒక ఇష్టముండెను. కూలిడబ్బులు సాయంకాలము ఇంటికి చేరవలెననునదే ఆ ఇష్టము. మన పానీయముల చరిత్రను ఎవరు వ్రాసినను దానికి కూడ చోటు చూపవలసియుండును.