నిపుణుల అభిప్రాయం: జ్ఞాన సాధనగా దాని స్థానం

స్వయంగా చూసి తేల్చుకోలేని విషయాన్ని తెలిసినవారి మాట మీద గ్రహించడాన్ని న్యాయ దర్శనం శబ్ద ప్రమాణం అంటుంది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానాలతో పాటు దానికీ చోటిచ్చింది. న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు ఆప్తుడికి, అంటే నమ్మదగిన వక్తకు, పెట్టిన షరతులు రెండే: విషయం సాక్షాత్తుగా తెలిసి ఉండాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఋషికైనా మ్లేచ్ఛుడికైనా అదే లక్షణమన్నాడు. అంటే మాటకు బలం హోదా వల్ల రాదు, ఆ మాట ఎలా తెలిసిందన్న దాని వల్ల వస్తుంది. 1872 నాటి సాక్ష్య చట్టం సెక్షన్ 45 లాగే, దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని సెక్షన్ 39 కూడా నిపుణుడి అభిప్రాయాన్ని పరిశీలించదగిన విషయంగానే స్వీకరిస్తుంది. తీర్పు మాత్రం న్యాయమూర్తిదే.

ఈ సూత్రం రోజూ పరీక్షకు నిలిచే చోటు హైదరాబాద్ తూర్పు భాగం. ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ రూపొందించిన డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతి 1989లో కేరళలోని తలశ్శేరి కోర్టులో ఒక పితృత్వ వివాదంలో సాక్ష్యమైంది. తర్వాత ఇదే పనికి ఏర్పడిన సీడీఎఫ్‌డీ నాచారం ఈసీఐఎల్ రోడ్డులో ఏళ్లపాటు నడిచింది, ఇప్పుడు ఉప్పల్ ఇన్నర్ రింగ్ రోడ్డులో ఉంది. పక్కనే రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది.

సామాన్యుడికి అర్థంకాని శాస్త్రాన్ని నమ్మడం గుడ్డినమ్మకమే కదా అన్నది మొదటి ఆక్షేపణ. పితృత్వ నివేదికను దగ్గరగా చూస్తే అది నిలవదు. పరీక్షించే ప్రతి జన్యుస్థానంలోనూ బిడ్డకు రెండు రూపాలుంటాయి. ఒకటి తల్లి నుంచి వచ్చింది, రెండోది తండ్రి నుంచి రావాలి. ఆ రెండోది తండ్రిగా చెబుతున్న వ్యక్తిలో అనేక స్థానాల్లో కనబడకపోతే ఆయన తండ్రి కాడు. యంత్రం పనితీరు తెలియకపోయినా ఈ తర్కాన్ని పట్టిక ముందు పెట్టుకుని ఎవరైనా అనుసరించవచ్చు. అనుమానముంటే మరో ల్యాబ్‌ను అడగవచ్చు కూడా. 2014 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిన ఒక దంపతుల కేసులో జరిగింది ఇదే. నాగపూర్ ల్యాబ్ ఫలితంపై భార్య అభ్యంతరం చెబితే, హైదరాబాద్ కేంద్ర ప్రయోగశాల మళ్లీ పరీక్షించి అదే ఫలితాన్ని ఇచ్చింది. వివాహకాలంలో పుట్టిన బిడ్డ భర్త సంతానమేనన్న చట్టపరమైన ఊహ కన్నా శాస్త్ర రుజువుదే పైచేయి అని కోర్టు చెప్పింది. నిపుణుడి మాటకు ఇంత శక్తి ఉంది కనుకే దాన్ని తనిఖీ చేయడం తప్పనిసరి.

నిపుణుడే తప్పుచేస్తే అన్నది రెండోది, నిజంగా బలమైన ఆక్షేపణ. అయితే పొరపాటు ల్యాబ్ లోపలే జరగాలని లేదు. రక్తం తీసిన చేయి, సీసా మీది సీలు, అది పోలీసుల దగ్గర ఉన్న రోజులు, ఇవన్నీ నిపుణుడి కంటికి ఆవలే ఉంటాయి. ప్రియదర్శిని మట్టూ హత్య కేసులో 1999లో కింది కోర్టు డీఎన్ఏ సాక్ష్యాన్ని నమ్మక నిందితుడిని విడిచిపెట్టింది. 2006లో ఢిల్లీ హైకోర్టు అదే సాక్ష్యాన్ని అంగీకరించి శిక్ష వేసింది. శాస్త్రం మారలేదు, నమూనాలపై అనుమానాన్ని తూచిన తీరు మారింది. 2022 నవంబరులో ఢిల్లీలోని ఛావలా అత్యాచార, హత్య కేసులో సుప్రీంకోర్టు నిందితులను విడుదల చేస్తూ, నివేదికకు ఆధారమేమిటో, నిపుణుడు పద్ధతులను నమ్మదగిన రీతిలో వాడాడో లేదో కింది కోర్టులు చూడనేలేదంది. ఆ ప్రశ్నలు వేయడానికి జన్యుశాస్త్రంలో పట్టా అక్కర్లేదు. నిపుణుడిని బోనులో నిలబెట్టి అడిగే ఓపిక న్యాయవాదికి ఉంటే చాలు.