మన యింటి ముక్కాలిపీట

అతిథి వచ్చినప్పుడు కాఫీ గ్లాసు నుంచుటకు మన యిండ్లలో ఒక చిన్న బల్ల యుండును. దానిని టీపాయి అందుము. టీ పెట్టుకొను బల్ల గనుక దొరలు ఆ పేరు పెట్టిరని చిన్ననాట పెద్దలు చెప్పగా నేనును చాలకాలము అటులనే నమ్మితిని. అది పొరపాటు. హిందూస్తానీలో ‘తీన్’ అనగా మూడు. పారసీకములో ‘పాయ’ అనగా కాలు. ఈ రెండును కలిసి ‘తిపాయి’ యైనది. ఆంగ్లేయుల నోట అదియే మార్పుచెందినది. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో యూల్, బర్నెల్ పండితులు ఈ సంగతిని వివరించి, టీకిని ఈ మాటకును సంబంధము లేదని స్పష్టపరచిరి. వీరిలో బర్నెల్ దొర తంజావూరు రాజభవనమందలి సంస్కృత వ్రాతప్రతులకు పట్టిక కూర్చినవాడు.

తిపాయి యనగా మన ముక్కాలిపీటయే. మూడు కాళ్లుండుటకు కారణము లేకపోలేదు. నాలుగు కాళ్ల బల్ల మిట్టపల్లముల నేలమీద ఊగులాడును. మూడు కాళ్లది ఎట్టి నేలపైనను ఊగక నిలుచును. మట్టి అరుగులపై బ్రతికిన మన పూర్వులకు ఈ సూక్ష్మము తెలియును. తరువాత టీపాయికి నాలుగవ కాలు వచ్చినను పేరు మాత్రము మూడుకాళ్లదే నిలిచినది.

ఎత్తైన బల్లలు, కుర్చీలు పూర్వము మన సామాన్య గృహములలో విరివిగా లేవు. చాపపై కూర్చుండుట, పీటపై భుజించుట వాడుక. ఐరోపా వర్తకులు తీరమున స్థిరపడిన పిదప వారికి తమ దేశపు తీరులో బల్లలు, పెట్టెలు, కుర్చీలు కావలసి వచ్చినవి. వానిని చేసియిచ్చుటలో విశాఖపట్టణపు తెలుగు కంసాలులు దేశాంతర ఖ్యాతి గడించిరి. ఇరుగుడు మొదలగు మేలిజాతి కర్రలో ఏనుగు దంతమును పొదిగి, దంతముపై తీగలు, పూవులు చెక్కి, ఆ గీతలను నల్లని లక్కతో నింపెడివారు. 1756లో ఆ పట్టణమును చూచిన కోర్నెయిల్ అను బ్రిటిషు సైనికోద్యోగి ఈ పనితనమును మెచ్చుకొనెను. 1773 నుండి 1775 వరకు చెన్నపట్టణమున గవర్నరుగానున్న అలెగ్జాండర్ వించ్ వద్దనున్న దంతపు కుర్చీలను 1781లో వేలము వేయగా, మూడవ జార్జి రాజు తన రాణి షార్లెట్ కొరకు కొనెను. అవి నేటికిని ఆ రాజవంశపు సేకరణలో కలవు. వస్తువులపై దొరల పేర్లు నిలిచినవి. చేసిన తెలుగువారి పేర్లు నిలువలేదు. 1986 నాటి చట్టసవరణతో మన దేశపు దంతముతో వ్యాపారము నిషిద్ధమైనది. అది ఏనుగులకు మేలే.

ఆ రాచ సామగ్రికిని మన సామాన్యపు టీపాయికిని వడ్రంగపు మూలసూత్రము ఒక్కటే. టేకు పలకలను నెలల తరబడి నీడలో ఆరబెట్టవలెను. పచ్చికర్ర ఆరినకొలది అడ్డముగా కుదించుకొనును, నిలువున దాదాపు మారదు. ఈ భేదము నెరుగనివాడు చేసిన బల్ల మరుసటి వేసవికే నెరియ విచ్చును. ఆరిన పలకను రంపముతో కోసి, బాడిసెతో చెక్కి, చిత్రిక పట్టి, మూలమట్టముతో సరిచూతురు. కాలి తలను సన్నగించిన మొనకు కుసి యని పేరు. అది దూరుటకు ఉలితో తొలిచినది బెజ్జము. కుసి మరీ బిగువైన పలక పగులును. వదులైన కాలు ఊగును. సరిగా దిగిన పిదప అడ్డముగా ఒక కర్రచీల వేయుదురు. ఇనుప మేకు పనికిరాదు. సముద్రపు గాలికి అది త్రుప్పుపట్టి కర్రను నల్లపరచును. కర్రచీలయైనచో, అవసరమైనప్పుడు ఊడదీసి కాలును మరమ్మతు చేయవచ్చును.

ఇక మెరుగు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై లక్కపురుగు విడుచు జిగురును శుద్ధిచేసి, పలుచని రేకులుగా చేసినది చపడా. దానిని స్పిరిటులో కరగించి, గుడ్డలో చుట్టిన దూది ఉండతో పలుమార్లు పట్టింతురు. ఒక పూత ఆరిన పిదపనే మరియొకటి. దీనిని ఫ్రెంచి పాలిషు అందురు. ఇందులోను పేరు పరాయిది, లక్క మన అడవులది. వేడి గ్లాసు నేరుగా ఉంచినచో ఈ మెరుగుపై తెల్లని వలయము పడును. అందుచేతనే పెద్దలు గ్లాసు క్రింద పళ్లెము పెట్టుమని కసరెడివారు.

మాది బరంపురము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి గంజాము అందులో చేరినప్పుడు మా తాతగారు ఇల్లు కదలలేదు, రాష్ట్రమే మారినది. మా నాయనగారు చేయించిన టేకు ముక్కాలిపీట కాలు రెండేండ్ల క్రిందట ఊగసాగినది. దానిని పారవేసి పొట్టుపలక బల్ల కొందమని మా అబ్బాయి అనెను. నేను వినక ఒక దుకాణమున కిచ్చితిని. వారు రెండు ఇనుప మేకులు దిగగొట్టి, తళతళలాడు వార్నిషు పూసి పంపిరి. నెల తిరుగకుండ పలక చీలినది. ఆ తప్పు నాది కూడ. చవుకగా, త్వరగా కావలెనంటిని.

పిమ్మట ఒక వృద్ధ వడ్రంగి మేస్త్రి దొరకెను. బేరమంతయు ఒడియాలోనే సాగినది. కాని మేకులు పెరికి కాలు చేతబట్టగానే, “కుసి విరిగిపోనాది బాబూ, బెజ్జం బాగానే ఉంది” అనెను. నాకు ఆశ్చర్యమైనది. అంగడిలో మాటాడుట మానిన తెలుగు ఆయన పనిముట్లలో మిగిలియున్నది. కొత్త కుసి అతికి, చీలిన పలకను జోడించి, చపడా పట్టించుటకు ఆరు దినములు పట్టినది. కూలి కొత్త బల్ల వెలను మించినది. మా మనుమరాలు ప్రక్కన కూర్చుండి, “తాతయ్యా, కుసి అంటే ఏమిటి?” అని అడిగెను. దానికి తెలుగు చదువ రాదు. కుసి యేదో ఇప్పుడు చూపగలదు.

మైసూరులోనో, మదురలోనో, షోలాపురములోనో, యానాములోనో నివసించు సోదరులారా, మీ యింట పాత బల్లయున్నచో పారవేయుటకు ముందు ఒక్కసారి తిరగవేసి చూడుడు. దాని భాగముల పేర్లు మీ పెద్దలనడిగి ఒక కాగితముపై వ్రాసియుంచుడు. ఆ పేర్లు చెప్పగలవారు ఇంక ఎక్కువమంది లేరు.