ఖాళీ స్లాట్‌కూ ఒక పేరుంటుంది

కంప్యూటర్ డబ్బా మూత తీస్తే మదర్‌బోర్డు మీద పొడవాటి గాళ్లు కనిపిస్తాయి. గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు గుచ్చేది వాటిలోనే. వీటినే పీసీఐ స్లాట్లు అంటారు.

కార్డు వేరు, స్లాట్ వేరు. కార్డు ఉంటే కెర్నల్ అడిగినప్పుడు బదులిస్తుంది. ఖాళీ స్లాట్ ఏం పలుకుతుంది? కాబట్టి ఫలానా చోట స్లాట్ ఉందని ఫర్మ్‌వేరో, హాట్‌ప్లగ్ డ్రైవరో చెప్పాలి. చెప్పగానే లినక్స్ కెర్నల్ దాన్ని నమోదు చేసుకుని, సిస్ కింద బస్, దాని కింద పీసీఐ, దాని కింద స్లాట్స్ ఫోల్డర్‌లో స్లాట్ పేరుతో ఒక డైరెక్టరీ పెడుతుంది. అందులోని అడ్రస్ ఫైలులో 0000:03:00 లాంటి అంకెలుంటాయి: డొమైన్, బస్, డివైస్.

రెండు స్లాట్లకు ఫర్మ్‌వేర్ ఒకే పేరు చెప్తే? క్లాసులో ఇద్దరు లక్ష్ములున్నట్టే. మొదటిది 1, తర్వాతది 1-1, ఆపైది 1-2.

ఈ పేర్లతో పనేంటి అంటారా? కొన్ని సర్వర్లలో మెషీన్ నడుస్తుండగానే కార్డు మార్చవచ్చు. అక్కడ పవర్ అనే ఫైలు కూడా ఉంటుంది. అందులో 0 రాస్తే ఆ స్లాట్‌కు కరెంటు ఆగుతుంది. పొరపాటున పక్క స్లాట్‌లో రాశారా, డిస్కులున్న కార్డే ఆగిపోవచ్చు. అందుకే ముందు అడ్రస్‌ను ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ చూపే జాబితాతో సరిచూసుకోవాలి.

పిల్లలూ, ఇంట్లో లినక్స్ ఉంటే ఆ ఫోల్డర్ తెరిచి చూడండి. చూస్తే ఏమీ పాడవదు. ఏమీ కనపడకపోతే కంగారుపడకండి, మీ బోర్డు స్లాట్ల సంగతి కెర్నల్‌కు ఎవరూ చెప్పలేదంతే.